మేడ మెట్ల తాళంచెవి

బుడమేరు పక్క కాలనీల్లో మేడలు కట్టుకున్న ఇంటి ఓనర్లకు, కాలనీ సంక్షేమ సంఘాల పెద్దలకు,

నమస్కారం.

నేను విజయవాడ పాయకాపురంలో ఒక మేడ కింది పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాను. జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్ వేసి పీకో చేస్తాను. మిమ్మల్ని నేను అడగాలనుకున్నది ఒక్కటే. ఊరెళ్లేటప్పుడు మీ మేడ మెట్ల గేటు తాళంచెవి వెంట తీసుకెళ్లకండి. కింద ఎవరో ఒకరి దగ్గర పెట్టి వెళ్లండి. ఈ చిన్న సంగతికి ఇంత ఉత్తరమా అనుకుంటారేమో. 2024 సెప్టెంబరు 1 ఆదివారం తెల్లవారుజామున మా వీధిలో ఏం జరిగిందో చెబితే, ఎందుకు అడుగుతున్నానో మీకే తెలుస్తుంది.

ముందురోజు శనివారం పగలూ రాత్రీ వాన కుమ్మేసింది. మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారని ఫోన్లలో చూసి అయ్యో పాపం అనుకున్నాం. మా వీధిలో వానొస్తే మోకాలి లోతు నీళ్లు మామూలే, పొద్దున్నకి లాగేస్తాయిలే అని పడుకున్నాం. నాలుగింటికి మెలకువ వచ్చేసరికి వాన కాస్త తగ్గినట్టే ఉంది, నీళ్లు మాత్రం పెరుగుతున్నాయి. ముందు బాత్రూం తూములోంచి బుడబుడమంటూ పైకొచ్చాయి. తర్వాత గడప దాటాయి. మంచం కోళ్లు మునగడం, గ్యాస్ బండ ఊగుతూ తేలడం, ఫ్రిజ్ పక్కకి ఒరిగిపోవడం అన్నీ చూస్తుండగానే అయిపోయాయి. మెషీను మీద పెట్టిన బట్టల మూట తీద్దామని వెళ్తుంటే పై ఇంటి అక్క మెట్ల మీద నుంచి అరిచింది. "సామాను వదిలెయ్యవే, ముందు పిల్లల్నివ్వు!"

మా మేడ ఓనరు ఆవిడే, పైనే ఉంటుంది. ఆ గేటు తీసే ఉంది కాబట్టి మేం నిమిషంలో పైకెక్కాం.

ఎదురింట్లో అలా కాలేదు. ఆ ఇంటి ఓనర్లు వేరే ఊళ్లో ఉంటారు, పండగలకు వస్తారు. పై అంతస్తు ఖాళీ. కింద మూడు పోర్షన్లలో మూడు కుటుంబాలు అద్దెకున్నాయి. మెట్లకు ఇనప గ్రిల్లు గేటు, దానికి పెద్ద తాళం. ఆ మూడు కుటుంబాల్లో ఒక ఇంట్లో పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోయిన మామ్మగారు ఉంది, ఇంకో ఇంట్లో ఏడో నెల గర్భిణి. నీళ్లు నడుము దాటాయి. అందరూ గేటు పట్టుకుని ఊపుతున్నారు. ఎవరో గునపం తెచ్చారు. నీళ్లలో నిలబడి గునపంతో కొడితే దెబ్బ ఆనదు, జారిపోతుంది. ఆ సేపంతా ఇద్దరు కుర్రాళ్లు మామ్మగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కుర్చీని భుజాల మీదికెత్తి పట్టుకుని నిలబడ్డారు. ఒకడు ఇంటరు, ఇంకొకడు ఆటో తోలతాడు. వాళ్ల చేతులు వణుకుతున్నాయి. మామ్మగారు మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా ఆ తాళం వైపే చూస్తోంది. ఆవిడ కళ్లు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి. పావుగంట పట్టిందో ఇరవై నిమిషాలు పట్టిందో, చివరికి తాళం కాదు, గేటు బందులు ఊడొచ్చాయి.

ఆ పావుగంట గురించే ఈ ఉత్తరం.

ధైర్యం లేక కాదండీ మనవాళ్లు ఆగిపోయేది. అదే ఆదివారం ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్ నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోతే, ఒక జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి ఆ నీళ్లలోకి బండి తీసుకెళ్లి వాళ్లను బయటికి తెచ్చాడు. ఆయన చేతిలో బండి ఉంది, వెళ్లాడు. మా కుర్రాళ్లకు గుండె ఉంది, చేతిలో తాళంచెవి లేదు.

అసలు ఇంత నీరు ఎక్కడి నుంచి వచ్చిందో చాలామందికి అప్పుడు తెలియలేదు. మనకు బుడమేరు అంటే ఏడాదిలో ఎక్కువ నెలలు కంపు కొడుతూ కనపడే కాలువే కదా. మైలవరం వైపు కొండల్లో పుట్టి, ఊరి పక్కగా పారి, కొల్లేరులో కలిసే ఏరు అది. ఊరి మీద పడకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కడి నుంచి డైవర్షన్ కాలువ తవ్వి ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి మళ్లించారు. ఆ రోజు ఎగువన పడ్డ వానకు ఆ కాలువ చాల్లేదు, కట్టకు గండ్లు పడ్డాయి. పైగా కృష్ణమ్మ కూడా నిండుగా ఉంది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, బ్యారేజీ కట్టాక అంత ప్రవాహం ఎప్పుడూ లేదు. అటు కృష్ణలోకి పోయే వీల్లేని నీరు ఇటు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక మీద పడింది. సైన్యం కూడా వచ్చి చెయ్యి వేస్తే, సెప్టెంబరు 7 నాటికి గాని మూడో గండి పూడలేదు. ఆ రోజు వినాయక చవితి.

2005లో కూడా బుడమేరు ఇలాగే ఊరి మీద పడిందని మామ్మగారు చెబుతుంటే కథలా వినేవాళ్లం. ఒక్క నిజం మనలో మనం ఒప్పుకోవాలి. చవగ్గా వస్తున్నాయని మనం కొనుక్కున్న స్థలాలూ, చవగ్గా దొరుకుతున్నాయని మాలాంటివాళ్లం దిగిన అద్దె ఇళ్లూ చాలావరకు నీళ్ల పల్లంలోనే ఉన్నాయి. గట్లు గట్టి చెయ్యాలి, కాలువ వెడల్పు చెయ్యాలి, దారికి అడ్డొచ్చినవి తియ్యాలి. అవి అడగాల్సిన చోట అడుగుతూనే ఉందాం. కానీ అవన్నీ అయ్యేలోపు ఎన్ని వానాకాలాలు వస్తాయో. నీళ్లొచ్చిన మొదటి రెండు రోజులు మాత్రం ఏ పడవా లోపలి సందుల్లోకి రాదు, ఇది కళ్లారా చూశాం. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా పడవలు వచ్చాయి, పెద్ద రోడ్ల మీద తిరిగాయి. మా సందులో మునిగిన బైకులు, వేలాడే తీగలు, గేట్లు. మర పడవ తిప్పుకోవడానికే చోటు లేదు. మొదట్లో మేమూ తిట్టుకున్నాం, తర్వాత అర్థమైంది. లక్షల మంది నీళ్లలో ఉంటే ప్రతి సందుకీ పడవ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ రెండు రోజులు వీధిని వీధే కాచుకోవాలి.

మా అక్క ఇంట్లో ఆ రోజుల్లో పంతొమ్మిది మందిమి ఉన్నాం. రెండు గదులు, ఒక వరండా. కరెంటు లేదు. డాబా మీద ట్యాంకులో నీళ్లు ఎన్ని ఉన్నాయో కర్రతో కొలిచి, మనిషికి పూటకి రెండు గ్లాసులని అక్కే లెక్క పెట్టింది. బియ్యం ఆవిడవే. పొద్దున గంజి, రాత్రికి అన్నం, అందులోకి ఊరగాయ. రెండో రోజు సాయంత్రం డ్రోను వచ్చి డాబా మీద పొట్లాలు దించితే పిల్లలు భయం మర్చిపోయి చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ల ఇబ్బందుల గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. పంతొమ్మిది మందికి ఒకటే బాత్రూం, అందులో పొయ్యడానికి నీళ్లు లేవు. కింద నుంచి వరద నీళ్లే బకెట్‌తో తోడి పోశాం. ఇద్దరు పిల్లలకు నెలసరి వచ్చింది. అక్క పెళ్లి పట్టుచీర పెట్టెలో అడుగున పరిచిన పాత నూలు చీర తీసి ఇస్తే, నేను కత్తిరించి మడతలు పెట్టి ఇచ్చాను. సుగర్ ఉన్న ఒకాయన ఇన్సులిన్ మందు ఫ్రిజ్‌తో పాటే మునిగిపోయింది. మూడో రోజు ఒక కుర్రాడు లారీ ట్యూబు నడుముకు కట్టుకుని ఫ్లైఓవర్ దాకా ఈది వెళ్లి తెచ్చాడు. ఆయనకు ఇన్సులిన్ కావాలన్న సంగతి ముందే తెలిసి ఉంటే, మొదటి రోజే ఆ సీసా ఎత్తుకుని పైకి వచ్చేవాళ్లం. పదేళ్లుగా పక్క పక్క ఇళ్లలో ఉంటున్నాం, ఎవరికీ తెలియదు.

మా వీధిలో ఏడో రోజుకు గాని నేల కనపడలేదు. ఇంట్లోకి దిగితే నాలుగు వేళ్ల మందాన నల్ల బురద. బియ్యం బస్తా ఉబ్బి పగిలి, ఆ కంపుకి కడుపులో దేవేసింది. నా మెషీను నిలబెట్టిన చోటే నిలబడి ఉంది, సూది కింద కుట్టుతూ ఆపేసిన జాకెట్టు చెయ్యి అలాగే ఉంది, బురద రంగులో. చవితికి ఇవ్వాల్సిన బట్టలు ముప్పై ఎనిమిది. ఎనిమిది నీళ్లు మార్చి ఉతికాను, సర్ఫులో నానబెట్టాను, నిమ్మకాయ రుద్దాను. ఆ మరక పోలేదు. వాళ్లందరికీ ఏమని చెప్పాలో తెలియక ఫోన్ ఎత్తడం మానేశాను. ఇంట్లోకి దిగిన నాలుగో రోజు ఒకావిడ ఇంటికే వచ్చేసింది. ఆవిడ ఇల్లు మునగలేదు, పటమట వైపు ఉంటుంది. తిట్టడానికి వచ్చిందనుకుని టెన్షన్‌తో నా కాళ్లలో సత్తువ పోయింది. ఆవిడ గడప దగ్గర చెప్పులు విప్పి, బురదలోకే వచ్చి, ఆ జాకెట్టు చేతిలోకి తీసుకుని చూసి, "గుడ్డే కదమ్మా పోయింది" అంది. మర్నాడు వాళ్లింట్లో వాడకుండా ఉన్న మెషీను ఆటోలో పంపింది. నాది బాగయ్యేదాకా రెండు నెలలు దాని మీదే కుట్టాను. ఆ రెండు నెలలు నా ఇల్లు గడిచింది దానితోనే.

ఇది చెప్పడానికి కారణం ఉంది. లారీల్లో వచ్చిన పాత బట్టలు రోడ్డు పక్కన గుట్టలుగా పడి, వానకు తడిసి, చెత్త బండి ఎక్కాయి. ఇచ్చినవాళ్ల మనసు మంచిదే, అందులో అనుమానం లేదు. కానీ ఆ వారం మాకు కావాల్సింది చీపుళ్లు, పారలు, బ్లీచింగ్ పౌడరు, పొడి అగ్గిపెట్టెలు, చాపలు, దోమల చక్రాలు. ప్రభుత్వం ఇచ్చిన బియ్యం, పప్పు, నూనె ఆదుకున్నాయి. ఫైరింజన్లు వచ్చి ఇళ్లు కడిగి పెట్టాయి, అది పెద్ద సాయం. మూడో వారానికి అందరూ వెళ్లిపోయారు. అప్పుడే మాకు అసలు అవసరాలు తెలియడం మొదలైంది. గోడల్లో చెమ్మతో స్విచ్ ముట్టుకుంటే షాక్. సంపులో బురద. పిల్లల నోటు పుస్తకాలు. డ్వాక్రా వాయిదా. సంఘాల పెద్దలు ఎవరైనా సాయం చేస్తామని అడిగితే, ఒక నెలాగి మళ్లీ రమ్మని చెప్పండి. ఆ వచ్చేటప్పుడు ఒక ఎలక్ట్రీషియన్‌నో మెషీన్ మెకానిక్‌నో వెంట తెమ్మనండి. మా వీధికి వచ్చిన మెకానిక్ అన్న చెట్టు కింద గోనెపట్టా పరుచుకుని, మెషీన్లు విప్పి, కిరసనాయిల్‌లో కడిగి, ఎండబెట్టి, మళ్లీ బిగించి ఇచ్చాడు. వేసిన సామానుకే డబ్బులు తీసుకున్నాడు, చేతి పనికి తీసుకోలేదు.

బురద తియ్యడానికి మేం రోజుకో ఇల్లు పెట్టుకున్నాం. పల్లెల్లో నాట్లప్పుడు ఒకరి చేనుకి ఒకరు వెళ్తారే, అలాగ. మొదటి ఇల్లు మామ్మగారిది, ఎందుకంటే ఆ ఇంట్లో వంగి పని చేసే మనిషి లేడు. రెండోది గర్భిణి ఉన్న ఇల్లు. వయసులో ఉన్న మగపిల్లలున్న ఇళ్లు ఆఖరికి. ఆ వరస ఎవరు పెట్టారో గుర్తు లేదు గానీ ఒక్కరు కూడా మా ఇల్లు ముందన్న మాట అనలేదు.

తర్వాత మాత్రం మాటలు వచ్చాయి. నీట మునిగిన కింది ఇంటికి 25 వేలు, మొదటి అంతస్తూ ఆ పైనా ఉన్నవాళ్లకు 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించింది. మేడ మీదివాళ్లకేం పోయిందని కొందరు కిందివాళ్లు అన్నారు. నాకది చాలా బాధ అనిపించింది. పంతొమ్మిది మందికి ఐదు రోజులు వండి పెట్టిన ఇంటికి ఏం పోయిందో ఆ గంజి తాగినవాళ్లకు తెలియదా? ఇంకోపక్క, ఇల్లు నాది కాబట్టి డబ్బు నాదన్న ఓనర్లూ ఉన్నారు. మునిగిన సామాను అద్దెకున్నవాళ్లది. దయచేసి అలా అడగకండి. మా అక్క రెండు నెలలు అద్దె తీసుకోలేదు, మేం అడక్కుండానే. ఇంటి గోడకు నీళ్లు ఆగిన గీత ఉంది, దాని మీద సున్నం వెయ్యొద్దని నేనే అక్కని బతిమాలాను. కొత్తగా అద్దెకొచ్చేవాళ్లకు చూపించాలి.

ఎదురింటి ఓనరు గారు నీళ్లు తగ్గాక వచ్చారు. ఊడిపోయిన గేటు చూసి ఎవర్నీ ఏమీ అనలేదు. మంచివారే. మేస్త్రీని పిలిపించి గేటు మళ్లీ పెట్టించారు. కొత్త తాళం వేశారు. తాళంచెవి జేబులో వేసుకుని ఊరెళ్లిపోయారు.

అప్పటి నుంచి ఈ ఉత్తరం నా మనసులో నలుగుతోంది.

మీ భయం నాకు తెలుసు. ఇల్లు కట్టుకోవడానికి ఎంత కష్టపడ్డారో, ఎవరెవరో ఎక్కి డాబా మీద ఏం చేస్తారో, సామాను పోతే ఎవరు జవాబుదారీ అని. నేను మీ గదుల తాళాలు అడగడం లేదు. అవి మీ దగ్గరే ఉండనివ్వండి. మెట్ల గేటుది ఒక్కటి. డాబా మీద నిలబడ్డానికి చోటుంటే చాలు, ఒక టార్పాలిన్ కట్టుకుంటాం. మీకు అద్దెకున్నవాళ్ల మీద నమ్మకం లేకపోతే సంఘం వాళ్లకు కవర్లో పెట్టి, అతికించి, సంతకం చేసి ఇవ్వండి. కవరు చిరిగితే ఎందుకు చిరిగిందో మీకు సమాధానం చెప్పే పూచీ సంఘానిది. అపార్ట్‌మెంట్లలో డాబా తలుపు తాళం ఒక్క వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది, ఆయన కాపురం ఉండేది అన్నిటికంటే కింద, సెల్లార్లో. ఆ ఆదివారం అందరికంటే ముందు మునిగిందీ ఆయన గదే. రెండో తాళంచెవి పై అంతస్తులో ఒక ఇంట్లో ఉంచండి.

సంఘాల పెద్దలకు ఇంకొక్క మాట. మే నెలలో, వానలకు ముందు, ఒక ఆదివారం సాయంత్రం ప్రతి వీధినీ కూర్చోబెట్టండి. మీటింగు, మైకు, శాలువాలు వద్దు. ఒక పుస్తకం చాలు. మంచంలో ఉన్నవాళ్లు ఎవరు, కడుపుతో ఉన్నవాళ్లు ఎవరు, ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు ఎవరు, ఇన్సులిన్ ఎవరికి, డయాలిసిస్ ఎవరికి, ఈత ఎవరికి వచ్చు, ఇన్వర్టర్ ఎవరింట్లో ఉంది, ఏ కింది ఇంటివాళ్లు ఏ మేడ ఎక్కాలి, ఆ మేడ తాళంచెవి ఎక్కడుంది. ఆ పుస్తకం కింది ఇంట్లో పెట్టకండి. రెండు లారీ ట్యూబులు, ఒక మోకు కూడా పైనే ఉంచండి. ఆ కుర్చీ మోసిన కుర్రాళ్లను పిలిచి మాట్లాడించండి, ఏం కావాలో మనందరికంటే వాళ్లకే బాగా తెలుసు.

మా వీధి పుస్తకం నేను మొదలుపెట్టాను. డెబ్భై పేజీల లాంగ్ నోట్‌బుక్, జాకెట్ల కొలతలు రాసుకోవడానికి కొన్నది. ఇరవై రెండు ఇళ్ల వివరాలు రాశాను. పై ఇంటి అక్క అటక మీద పాలిథిన్ కవర్లో చుట్టి ఉంది. ఎదురింటి పేరు రాసిన చోట, తాళంచెవి ఎవరి దగ్గర అన్న గడి ఖాళీగా ఉంది. మామ్మగారు ఇప్పుడూ ఆ కింది పోర్షన్‌లోనే ఉంటోంది. ఓనరు గారూ, ఈ ఉత్తరం మీ దాకా వస్తే ఒక్క ఫోన్ చెయ్యండి. మీరు ఎవరి పేరు చెబితే వాళ్ల పేరే రాస్తాను.

ఇట్లు,
మీ ఎదురింటి కింది పోర్షన్‌లో ఉండే టైలరు,
పాయకాపురం, విజయవాడ.